నూరు డిగ్రీల దగ్గర ఆగిన ప్రాసెసర్: కూలర్ ఊడదీసి మళ్లీ బిగించిన అనుభవం

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయో లేదో గానీ, ఖమ్మంలో ఆ రోజుల్లో కంప్యూటర్లు మాత్రం చతికిలబడతాయి. మా డెస్క్‌టాప్‌లో పొద్దున ఆరింటికి 22 నిమిషాల్లో అయ్యే వీడియో ఎక్స్‌పోర్ట్, మధ్యాహ్నం రెండింటికి 34 నిమిషాలు తీసుకుంటోంది. ఫైలు అదే, సెట్టింగులు అవే. ఫ్యాన్ మోత మాత్రం పక్క గదిలోకి వినిపిస్తోంది. ఒక షాపులో విండోస్ మళ్లీ వేయిద్దామన్నారు, ఇంకో షాపులో ప్రాసెసర్ పాతబడిందన్నారు. ప్రాసెసర్ వయసు నాలుగేళ్లు. సిలికాన్ నాలుగేళ్లకే, అదీ మధ్యాహ్నం పూట మాత్రమే ముసలిదైపోదు.

ప్రాసెసర్ ఇంటెల్ కోర్ ఐ5-10400. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. బేస్ వేగం 2.9 గిగాహెర్ట్జ్, కోర్లన్నీ కలిసి పనిచేస్తే 4.0 దాకా వెళ్తుంది. డబ్బాతో పాటు వచ్చిన కూలరే (స్టాక్ కూలర్) ఉంది: చిప్ మీద కూర్చునే లోహపు హీట్‌సింక్, దాని మీద ఫ్యాన్. ఈ చిప్‌కు ఇంటెల్ పెట్టిన గరిష్ఠ ఉష్ణోగ్రత 100 డిగ్రీలు. అక్కడికి చేరగానే చిప్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. దీన్నే థ్రాట్లింగ్ అంటాం. వేగం తగ్గించినా వేడి ఆగకుండా ఇంకా పైకి పోతే, అప్పుడు పవర్ కట్ చేసుకుంటుంది. 2000 ప్రాంతంలో వచ్చిన ఏఎండీ అథ్లాన్ థండర్‌బర్డ్ లాంటి చిప్‌లకు ఈ రక్షణ లేదు. హీట్‌సింక్ తీసేస్తే సెకన్లలో కాలిపోయేవి. ఇప్పటివి కాలవు, నెమ్మదిస్తాయి. అందుకే జబ్బు వేడిది అని తెలియక జనం ర్యామ్ కొంటారు, ఎస్‌ఎస్‌డీ కొంటారు.

స్క్రూడ్రైవర్ పట్టేముందు కొలతలు తీసుకున్నాను. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం తెరిచి సెన్సర్లు మాత్రమే చూపించమని టిక్ పెడితే పెద్ద పట్టిక వస్తుంది. అందులో మనకు కావలసినవి నాలుగు (సీపీయూ అంటే ప్రాసెసరే): సీపీయూ ప్యాకేజ్ ఉష్ణోగ్రత, సీపీయూ ప్యాకేజ్ పవర్ (వాట్లలో), కోర్ల వేగం, థర్మల్ థ్రాట్లింగ్ అవుతోందా లేదా. లోడ్ కోసం, అంటే ప్రాసెసర్‌కు పూర్తి పని పెట్టడానికి, సినీబెంచ్ ఆర్23 అనే పరీక్ష ప్రోగ్రాంను పది నిమిషాలు నడిపాను. ఒక్కసారి నడిపి ఆపేస్తే లాభం లేదు, హీట్‌సింక్ పూర్తిగా వేడెక్కడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. పక్కన గోడకు మామూలు థర్మామీటర్. ఇది చాలామంది మర్చిపోయే పరికరం.

గదిలో 39 డిగ్రీలు. పని లేనప్పుడు చిప్ 58. లోడ్ పెట్టిన 40 సెకన్లలో 100కి చేరి అక్కడే కూర్చుంది. వేగం 4.0 నుంచి 3.1 గిగాహెర్ట్జ్‌కు పడింది. పవర్ 55 వాట్లు. విండోస్ ఈవెంట్ వ్యూయర్ సిస్టమ్ లాగ్‌లో కూడా 37వ నంబరు ఈవెంట్లు వరసగా ఉన్నాయి. ప్రాసెసర్ వేగాన్ని ఫర్మ్‌వేర్ (మదర్‌బోర్డులోనే ఉండే ప్రోగ్రాం) కట్టడి చేస్తోందని దానర్థం.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి, ఎందుకంటే మిగతా పనంతా దీని మీదే నడిచింది. చిప్ ఉష్ణోగ్రతలోంచి గది ఉష్ణోగ్రత తీసేసి, వచ్చినదాన్ని వాట్లతో భాగించాలి. 100 నుంచి 39 తీస్తే 61. దాన్ని 55తో భాగిస్తే 1.1. అంటే ఒక్కో వాట్ వేడిని బయటికి తోయడానికి చిప్ 1.1 డిగ్రీలు పెరగాల్సి వస్తోంది. ఈ రకం స్టాక్ కూలర్ సరిగ్గా కూర్చుంటే నా చేతుల మీదుగా వెళ్లిన సిస్టమ్‌లలో ఈ అంకె 0.6 దగ్గర ఉండేది. కాబట్టి దాదాపు సగం పని జరగడం లేదు. ‘మీ సిస్టమ్ ఎన్ని డిగ్రీలు?’ అని అడగడం వల్ల ఏమీ తెలియదు. డిసెంబరులో 80 చూపించిన సిస్టమ్, మేలో 95 చూపించిన సిస్టమ్ ఒకే ఆరోగ్యంతో ఉండొచ్చు. గది పెరిగినన్ని డిగ్రీలూ చిప్ మీద అలాగే పడతాయి.

తర్వాత కేబినెట్ పక్క ప్లేటు తీసి మళ్లీ అదే పరీక్ష. లోపం గాలి ప్రవాహంలో ఉంటే ప్లేటు తీయగానే బాగా తేడా రావాలి. రాకపోతే లోపం కూలర్‌కీ చిప్‌కీ మధ్య ఉన్నట్టు. ఇక్కడో తిరకాసు ఉంది. థ్రాట్లింగ్‌లో ఉన్న చిప్ ప్లేటు తీసినా 100 దగ్గరే ఉంటుంది, ఎందుకంటే కాస్త చల్లబడగానే ఆ మేరకు వేగం పెంచేసుకుంటుంది. డిగ్రీలు చూసి ‘ఏమీ మారలేదు’ అనుకుంటే పొరపాటే. వాట్లు చూడాలి. నా దాంట్లో 55 వాట్లు 58 అయ్యాయి, అంతే. లెక్క 1.05. అసలు దొంగ గాలి కాదు.

అయినా దుమ్ముతోనే మొదలుపెట్టాను, అది పైసా ఖర్చు లేని పని కనుక. స్విచ్ ఆపి, వైరు పీకి, పవర్ బటన్ ఐదు సెకన్లు నొక్కి పట్టి కెపాసిటర్లలో మిగిలిన కరెంటు పోగొట్టాను. కేబినెట్ వరండాలోకి తెచ్చాను. ఫ్యాన్ రెక్కల సందుల్లోంచి చూస్తే హీట్‌సింక్ అల్యూమినియం రేకుల మీద బూజు రంగు దుప్పటి పరిచినట్టుంది. మామూలు దుమ్మయితే ఊదితే లేస్తుంది. వంటింటికి ఎదురుగా ఉన్న గదిలో మాత్రం పోపు నూనె ఆవిరి, అగరుబత్తి పొగ కలిసి దుమ్ము జిగురెక్కుతుంది. దాన్ని ముందు పాత పెయింట్ బ్రష్‌తో కదిపి, ఆ తర్వాత బ్లోయర్ పెట్టాలి. బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో కదలకుండా పట్టుకోండి. గాలికి అది గిర్రున తిరిగితే బేరింగు పాడవుతుంది, మోటారు జనరేటర్‌లా పనిచేసి మదర్‌బోర్డులోకి కరెంటు వెనక్కి పంపే ప్రమాదమూ ఉంది. ఇంటి వాక్యూమ్ క్లీనర్ వాడకపోవడం మంచిది, దాని ప్లాస్టిక్ మూతిలో స్టాటిక్ కరెంటు పుడుతుంది.

దుమ్ము దులిపాక మళ్లీ కొలిస్తే 100 డిగ్రీల దగ్గర 61 వాట్లు. అంటే 1.0. మెరుగే గానీ రోగం అది కాదు. ఒక్కో మార్పు తర్వాత ఇలా విడిగా కొలవకపోతే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. అన్నీ ఒకేసారి మార్చేసి ‘పేస్ట్ (చిప్‌కీ కూలర్‌కీ మధ్య వేసే ముద్ద) మారిస్తే బాగైంది’ అని చెప్పుకునేవాళ్లలో కొందరికి బాగైంది దుమ్ము దులపడం వల్లే కావచ్చు.

కూలర్ తీసేముందు సిస్టమ్‌ను పది నిమిషాలు లోడ్ మీద నడిపి ఆపాను. వేడికి ఎండిన పేస్ట్ మెత్తబడుతుంది. ముందు ఫ్యాన్ వైరు ఊడదీయాలి. ఇంటెల్ స్టాక్ కూలర్‌కు నాలుగు మూలలా నొక్కుడు పిన్నులుంటాయి. ప్రతి తల మీదా బాణం గుర్తు. ఆ బాణం వైపు పావు వంతు తిప్పి పైకి లాగితే పిన్ను వదులుతుంది. నాలుగూ వదిలాక కూలర్‌ను నిట్టనిలువుగా పీకకూడదు. కుడికీ ఎడమకూ కొద్దికొద్దిగా మెలితిప్పి లేపాలి.

మూడు పిన్నులు టక్‌మంటూ వచ్చాయి. ర్యామ్ పక్కన ఉన్న నాలుగోది తిప్పకుండానే చేతికి వచ్చేసింది. దాని తెల్లటి ప్లాస్టిక్ కాళ్లలో ఒకటి బోర్డు రంధ్రంలోకి దిగనే లేదు, అంచున వంగి మడతపడి ఉంది. బిగించిన రోజు నుంచీ అలాగే ఉండుంటుంది. కూలర్ తిప్పి చూస్తే పేస్ట్ సాక్ష్యం చెప్పింది. బిగిసిన మూలల వైపు పొర పల్చగా, బూడిద రంగులో, కింద లోహం కనిపించేంతగా నలిగి ఉంది. ర్యామ్ వైపు మాత్రం కంపెనీ వేసి పంపిన పేస్ట్ గీత గీతలాగే మిగిలిపోయి, గోటితో గీకితే సున్నంలా రాలింది. నాలుగేళ్లుగా ఆ మూల చిప్‌కు ఆనుకోలేదు.

మరి నాలుగేళ్లూ ఎలా నడిచిందంటారా? పేస్ట్ తడిగా ఉన్నంతకాలం ఆ సందును అదే నింపి నెట్టుకొచ్చింది. నూనె ఆరిపోయాక మిగిలింది పొడి, దాని మధ్య గాలి.

పేస్ట్ అంటే వేడిని బ్రహ్మాండంగా మోసే పదార్థం అని చాలామంది భ్రమ. రాగి ఉష్ణ వాహకత (వేడిని మోసే శక్తి) మీటరుకు, డిగ్రీకి దాదాపు 400 వాట్లు. మంచి పేస్ట్‌ది తయారీదారు చెప్పుకునేదే 8 చుట్టూ. గాలిది 0.026. రాగితో పోలిస్తే పేస్ట్ యాభై రెట్లు నాసి, గాలితో పోలిస్తే మూడొందల రెట్లు మేలు. అందుకే దాని పని గాలిని తరిమేయడం వరకే. లోహం లోహానికి ఆనే చోట పేస్ట్ దళసరిగా ఉందంటే మనమే అడ్డుగోడ కట్టినట్టు. టూత్‌పేస్ట్ రాసే చిట్కా కూడా ఒకటి తిరుగుతుంటుంది. నీళ్లున్నంతసేపు అది పనిచేస్తుంది, ఆ వేడికి కొద్దిరోజుల్లోనే ఎండి పెచ్చులవుతుంది.

పాత పేస్ట్ తుడవడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడాను. మొబైల్ రిపేరు సామాను అమ్మే షాపులో ఐపీఏ అని అడిగితే ఇస్తారు. మందుల షాపు స్పిరిట్‌లో నీళ్ల పాలు ఎక్కువ. పెట్రోలు, థిన్నర్, గోళ్ల రంగు తీసే ద్రావణం వద్దు. కళ్లద్దాలు తుడిచే గుడ్డను తడిపి, అంచు నుంచి మధ్యకు తుడుచుకుంటూ వస్తే పేస్ట్ బోర్డు మీదికి పాకదు. పేపర్ నాప్కిన్ పీచు వదులుతుంది. రెండోసారి శుభ్రమైన వైపుతో తుడిచి, ఆరనిచ్చి, ఆ తర్వాత వేలు తగలనివ్వలేదు. చేతి జిడ్డు కూడా ఒక పొరే.

ఎంత పేస్ట్ వేయాలన్నదాని మీద వాదాలకు అంతులేదు గానీ లెక్క సులువే. చిప్ పైమూతలో మనకు అవసరమైన మేర సుమారు 30 మిల్లీమీటర్ల చదరం అనుకుందాం. పొర మందం పదో వంతు మిల్లీమీటరు. గుణిస్తే 90 ఘన మిల్లీమీటర్లు. దాన్ని ఉండ చేస్తే ఐదున్నర మిల్లీమీటర్ల అడ్డుకొలత. కందిగింజ కంటే కొంచెం పెద్దది, ఎండు బఠాణీ కంటే చిన్నది. బరువు పావు గ్రాము లోపే, కాబట్టి నాలుగు గ్రాముల ఆర్కిటిక్ ఎమ్ఎక్స్-4 ట్యూబు పదిహేను సార్లకు పైనే వస్తుంది. నడుమ ఒక్క చుక్క పెట్టి వదిలేశాను. కార్డుతో పూసి చదును చేస్తే గాలి బుడగలు చిక్కుకునే వీలుంది. కూలర్ ఒత్తిడే దాన్ని పరుస్తుంది.

తప్పు జరిగేది బిగించడంలో, కాబట్టి ఇక్కడ తొందర పనికిరాదు. ముందు నాలుగు పిన్నుల తలలనూ బాణానికి ఎదురు దిశలో చివరిదాకా తిప్పి, నల్ల పిన్నును పూర్తిగా పైకి లాగి ఉంచాలి. నల్ల పిన్ను కిందికి ఉంటే తెల్ల కాళ్లు ముందే విచ్చుకుని రంధ్రంలో దూరవు. నా కూలర్‌లో జరిగింది ఇదేనని అనుమానం. వంగిన కాలిని వేళ్లతో నిటారు చేశాను. విరిగి ఉంటే పిన్నుల సెట్టు విడిగా అమ్ముతారు. కూలర్‌ను తిన్నగా దించి, నాలుగు కాళ్లూ రంధ్రాల్లోకి వచ్చాయని టార్చి వేసి చూసి, ఎదురెదురు మూలల పిన్నులు రెండిటిని ఒకేసారి రెండు బొటనవేళ్లతో నొక్కాలి. టక్‌మన్న శబ్దం వస్తుంది. ఆ తర్వాత మిగతా రెండు. వరసగా ఒకే వైపు రెండూ నొక్కితే రెండో వైపు లేచిపోయి, పేస్ట్ అంతా ఒక పక్కకు పోతుంది.

శబ్దం వచ్చింది కదా అని నమ్మొద్దు. బోర్డు వెనక వైపు చూడాలి. నాలుగు రంధ్రాల్లోనూ తెల్ల కాళ్లు రెండు పక్కలకు విచ్చుకుని, వాటి మధ్య నల్ల పిన్ను మొన కనిపించాలి. మా కేబినెట్‌కు వెనక ప్లేటు తీస్తే ఆ భాగం కనిపించే కంత ఉంది. అలా లేని కేబినెట్లలో మదర్‌బోర్డు బయటికి తీసి బిగించడమే మేలు. అరగంట ఎక్కువ పట్టినా, లోపల చేయి పట్టని చోట కళ్లు మూసుకుని నొక్కడం కంటే నయం. కొత్త కూలర్ కొన్నవాళ్లు అడుగున అంటించిన పల్చటి ప్లాస్టిక్ కాగితం పీకారో లేదో చూసుకోండి. నవ్వకండి, అలా వదిలేసినవి రెండు చూశాను.

ఫ్యాన్ వైరును సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న నాలుగు పిన్నుల సాకెట్‌కే పెట్టాలి. పక్కన ఉన్న కేబినెట్ ఫ్యాన్ సాకెట్‌కు పెడితే చాలా బోర్డులు ఆన్ అవగానే ఫ్యాన్ లేదని తప్పు చూపి ఆగిపోతాయి. మిగిలిన వైరును చుట్టి కట్టేయండి. రెక్కకు తగిలితే ఫ్యాన్ ఆగిపోతుంది.

మళ్లీ అదే పది నిమిషాల పరీక్ష, గది 39. చిప్ 86 డిగ్రీలు, 78 వాట్లు, వేగం 4.0 గిగాహెర్ట్జ్, థ్రాట్లింగ్ లేదు. 86లోంచి 39 తీస్తే 47. దాన్ని 78తో భాగిస్తే 0.60. మధ్యాహ్నం ఎక్స్‌పోర్ట్ 22 నిమిషాలకు తిరిగొచ్చింది.

ఈ పరీక్షలన్నీ కేబినెట్‌ను బయట పెట్టి చేసినవి. కంప్యూటర్ టేబుల్ గూట్లో దాని అసలు స్థానానికి తోసేసరికి పావుగంటలో చిప్ మళ్లీ 93కి వెళ్లింది. థర్మామీటర్‌ను గూట్లో పెడితే 46 డిగ్రీలు. వెనక చెక్క మూసి ఉండడంతో వెనక ఫ్యాన్ వదిలిన వేడి గాలి పక్కనుంచి తిరిగొచ్చి ముందు ఫ్యాన్‌లోకే పోతోంది. అగరుబత్తి వెలిగించి కేబినెట్ ముందు పట్టుకుంటే పొగ లోపలికి పోవడం, గూటి పైఅంచు దగ్గర మళ్లీ ముందుకు రావడం కళ్లకు కనబడింది. ఫ్యాన్ ఏ వైపు తోస్తుందో గుర్తుపట్టడానికీ ఇదే పద్ధతి. లేదా ఫ్యాన్ చట్రంలో మోటారును పట్టుకునే అడ్డకమ్మీలు ఏ వైపున్నాయో చూడండి, గాలి అటే పోతుంది. వెనక చెక్క ఊడదీసి, గోడకు జానెడు ఎడం ఉంచాక గూటి గాలి 40కి దిగింది. ప్లేటు తీసేసి టేబుల్ ఫ్యాన్ పెట్టడం రెండు రోజుల ముచ్చటే, ఆ తర్వాత దుమ్మంతా మనదే.

బయోస్‌లోనూ (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే మదర్‌బోర్డు సెట్టింగులు) ఒక పని ఉంది. ఈ చిప్ నిరంతర పవర్ పరిమితి 65 వాట్లు. తక్కువ సమయానికి మాత్రం 134 వాట్ల దాకా అనుమతి, ఆ సమయం 28 సెకన్లు. చాలా మదర్‌బోర్డులు ఈ పరిమితులను ఎత్తేసి వస్తాయి. నా దాంట్లో పది నిమిషాలు నడిచినా 78 వాట్ల దగ్గరే ఉందంటే కారణం అదే. దీర్ఘకాల పరిమితిని 65కి పెడితే చిప్ 78 డిగ్రీలకు దిగింది, ఎక్స్‌పోర్ట్ సమయం రెండు నిమిషాల లోపే పెరిగింది. ఏప్రిల్, మే, జూన్ వరకు అలా ఉంచడం నా పద్ధతి. బయోస్ జోలికి వెళ్లడం ఇష్టం లేనివాళ్లు విండోస్ పవర్ ఆప్షన్లలో మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్ 100 నుంచి 99కి తగ్గిస్తే టర్బో (బేస్ వేగాన్ని దాటే అదనపు వేగం) ఆగిపోతుంది, వేగం 2.9 దగ్గర నిలుస్తుంది. మోటు పద్ధతే గానీ, టైపింగ్ పనికీ ఆన్‌లైన్ క్లాసులకీ చాలు.

టవర్ కూలర్ (నిలువుగా ఉండే పెద్ద కూలర్) కొనాలా అంటే, రోజూ గంటల తరబడి లోడ్ పడితే కొనండి. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్, నాలుగు హీట్‌పైపులు (వేడిని మోసే గొట్టాలు) ఉన్న మామూలు టవర్‌తో ఇదే ప్రాసెసర్ మీద 0.4 కొలిచాను. అంటే అదే 78 వాట్లకు 70 డిగ్రీలే, మోత సగం కూడా లేదు. చాలావాటి ఎత్తు 155 మిల్లీమీటర్ల పైనే ఉంటుంది, సన్న కేబినెట్లలో ప్లేటు మూతపడదు. ముందు టేపుతో కొలుచుకోండి. ఈ ప్రాసెసర్ కూర్చునే ఎల్‌జీఏ1200 సాకెట్‌కు రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు, దాని తర్వాతి 1700కి 78, కాబట్టి బిగింపు సామాను దేనికో అడిగి కొనాలి.

ఏఎండీ ఏఎం4 సాకెట్ ప్రాసెసర్లు వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. వాటిలో సూదులు చిప్‌కే ఉంటాయి, పైన బిగించే చట్రం ఉండదు. పేస్ట్ ఎండిపోయి ఉంటే, లివర్ మూసి ఉన్నా ప్రాసెసర్ కూలర్‌కు అతుక్కుని సాకెట్‌లోంచి ఊడివస్తుంది, సూదులు వంగుతాయి. వేడి చేసి మెలితిప్పడం అక్కడ తప్పనిసరి. ఏఎండీదే రైజెన్ 7000 శ్రేణి వాళ్లు 95 డిగ్రీలు చూసి కంగారుపడక్కర్లేదు, పూర్తి లోడ్‌లో అంతదాకా వెళ్లేలానే వాటిని తయారుచేశారు. ల్యాప్‌టాప్‌ల సంగతి వేరు. అక్కడ సాధారణంగా స్క్రూల పక్కన అంకెలుంటాయి, ఆ వరసలోనే బిగించాలి.

కేబినెట్ ప్లేటు లోపలి వైపు ఒక చీటీ అంటించాను: తేదీ, గది 39, చిప్ 86, వాట్లు 78, 0.60. ఉగాది తర్వాత మళ్లీ కొలిస్తే 0.66 వచ్చింది. ప్లేటు తీసి బ్రష్, బ్లోయర్ పట్టాను. 0.61. పిన్నులు ముట్టుకోలేదు.